ఎందరు పడుకోగలరు, ఎక్కడ పడుకోగలరు

(స్వల్పకాలిక అద్దె గదుల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బరంపురం పట్టణంలోను, ఇక్కడికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న గోపాల్‌పూర్ తీరంలోను తమ ఇళ్ళలోని గదులను ఒకటి రెండు రాత్రులకు అద్దెకిచ్చే గృహస్థులు ఈ సమావేశానికి విచ్చేశారు. వారిలో తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు అనేకులు. పన్నుల విషయం, అగ్నిమాపక నిబంధనల విషయం ఇతర వక్తలు వివరిస్తారు. ఈ ప్రసంగం ఒక్క అంశానికే పరిమితం: ప్రకటనలో పడకల గురించి ఏమి వ్రాయాలి, ఎట్లా వ్రాయాలి.

చిన్న విషయంగా తోచవచ్చు. కాని ఈ ఊరికి వచ్చేవారెవరో ఒకసారి తలచుకుంటే అది చిన్నది కాదని తెలుస్తుంది. సముద్రస్నానానికి వచ్చే యువకుల బృందం ఎట్లాగైనా సర్దుకుంటుంది. చైత్రమాసపు మంగళవారాలలో తారాతారిణి దర్శనానికి వచ్చే కుటుంబాలలో ముసలివారు, పసిపిల్లలు ఉంటారు. మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి రోగిని తీసుకువచ్చేవారికి పట్టణంలో ఒక రాత్రి నిద్ర ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. గదిని ఫోనులో చూసి, ముందుగా సొమ్ము చెల్లించి, రాత్రి తొమ్మిది గంటలకు తలుపు తట్టే మనిషికి ప్రకటనలోని నాలుగు మాటలు తప్ప మరో ఆధారం లేదు.

ఆ నాలుగు మాటలలో ముఖ్యమైనది పడక. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. తెలుగులో మంచం వేరు, పక్క వేరు. మంచం అంటే కాళ్ళున్నది. పక్క ఎక్కడ పరిస్తే అక్కడే. ఒడియాలోను ‘ఖట’ వేరు, ‘బిఛణా’ వేరు. ఇంగ్లీషులోని ‘బెడ్’ ఈ రెండింటినీ మింగివేసింది. ఇంటాయన తన ఇంట్లో నాలుగు పక్కలు వేయగలనన్న ధీమాతో ‘నాలుగు బెడ్లు’ అని నమోదు చేస్తాడు. చదివినవాడు నాలుగు మంచాలను ఊహించుకుంటాడు. ఇద్దరూ తమ తమ భాషలో నిజాయితీపరులే. తెల్లవారేసరికి మాత్రం ఒకరినొకరు మోసగాళ్ళని అనుకుంటారు. అనువాదంలో జారిపోయిన ఒక్క మాట ఇంత పని చేస్తుంది.

ఒక ఉదాహరణ ఊహిద్దాం. సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురం నుండి ఆరుగురు బయలుదేరారు. అందులో ఒక పెద్దావిడకు మోకాలి శస్త్రచికిత్స జరిగి నెల కాలేదు. మరునాడు ఉదయం వైద్యుని చూడాలి. ప్రకటనలో ‘ఆరుగురికి సదుపాయం, రెండు పడకగదులు’ అని ఉంది. వచ్చి చూస్తే మొదటి గదిలో డబుల్ కాట్ ఒకటి. రెండవ గదిలో దివాన్ ఒకటి, గోడకు ఆనించి చుట్టిపెట్టిన పరుపులు మూడు. ఆరుగురికి చోటు ఉన్నమాట నిజమే. కాని స్నానాలగది మొదటి గదిలోనుండి వెళ్ళేటట్లు ఉంది. పెద్దావిడను మొదటి గదిలో పడుకోబెడితే రాత్రంతా మిగిలినవారి రాకపోకలతో ఆమెకు నిద్ర ఉండదు. రెండవ గదిలో అయితే దివాన్ ఎత్తు అడుగుకు మించదు. ఆమె దానిమీద కూర్చుంటే తనంతట తాను లేవలేదు. ఈ ఇంటి యజమాని ఒక్క అబద్ధమూ వ్రాయలేదు. ఆ కుటుంబానికి కావలసిన ఒక్క నిజమూ వ్రాయలేదు.

నేలమీద పడుకోవడం తెలుగు ఇళ్ళలో నామోషీ కాదు. పెళ్ళికి వచ్చిన ముప్పైమంది చుట్టాలు రెండు గదులలోను వసారాలోను సర్దుకున్న జ్ఞాపకం ప్రతి ఇంటా ఉంటుంది. వేసవిలో నున్నని గచ్చు మీద చాప పరుచుకుంటే వచ్చే నిద్ర పరుపు మీద రాదని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. అందుచేతనే చాలామంది గృహస్థులకు నేలపరుపును ‘పడక’ అని లెక్కించడంలో తప్పు కనిపించదు. అయితే చుట్టానికీ అద్దె అతిథికీ ఒక తేడా ఉంది. చుట్టానికి ఆ ఇల్లు ముందే తెలుసు. తన మోకాళ్ళ నొప్పి ఆ ఇంటివారికీ తెలుసు. అడగకుండానే మంచం ఖాళీ చేసి ఇస్తారు. అద్దె అతిథి విషయంలో ఇరువైపులా ఆ ఎరుక లేదు. దాని స్థానంలో ప్రకటన నిలవాలి.

నేలపరుపు ఉన్నదని వ్రాస్తే అతిథులు రారన్న భయం ఒకటి వినిపిస్తూ ఉంటుంది. ఎయిర్‌బీఎన్‌బీ వంటి సంస్థల ప్రకటన పత్రంలో పడక రకాలలో సోఫా-పడక, నేలపరుపు అనేవి వేర్వేరుగా ఉన్నాయి. వాటిని ఎంచుకొనే వీలు ఉన్నదంటే అటువంటి పడకలతో గదులు అద్దెకు పోతున్నాయనే అర్థం. నేలపరుపుకు సమ్మతించేవారు వస్తారు; సమ్మతించనివారు రారు. రెండవవారు వచ్చి, రాత్రి పదింటికి గొడవపడి, సొమ్ము వెనక్కి అడగడంకంటె రాకపోవడమే ఇంటివారికి లాభం.

ఇక వెడల్పు సంగతి. ‘డబుల్’, ‘క్వీన్’, ‘కింగ్’ అన్న పేర్లు ఒక్కొక్క దుకాణంలో ఒక్కొక్క కొలతకు వాడతారు. మన బజారులో 48 అంగుళాలదీ డబులే, 60 అంగుళాలదాన్నీ కొందరు డబులంటారు. బుకింగ్ డాట్ కామ్ పడకలను సెంటీమీటర్లలో విభజిస్తుంది. 131 నుండి 150 వరకు డబుల్, 151 నుండి 180 వరకు కింగ్. అంటే ఇక్కడివారు క్వీన్ అని పిలిచే 60 అంగుళాల మంచం, అనగా 152 సెంటీమీటర్లది, అక్కడ కింగ్ వరుసలో చేరుతుంది. ఇంత గందరగోళంలో పేరును నమ్ముకోవడంకంటె టేపు తీసి కొలిచి అంగుళాలు వ్రాయడం తేలిక. 48 అంగుళాల మంచం మీద ఇద్దరు పెద్దలు పడుకుంటే ఒక్కొక్కరికి దక్కేది రెండడుగులు. కొత్త దంపతులకు చాలునేమో గాని, ఇద్దరు వియ్యంకులకు చాలదు.

మంచం ఎంతదో చెప్పినంత మాత్రాన సరిపోదు; అది ఎక్కడున్నదో చెప్పాలి. హాలులోని సోఫాను లాగి పడకగా మార్చవచ్చు. కాని ఆ హాలుకు తలుపు ఉన్నదా? వీధి వాకిలి తెరిస్తే పడుకున్నవారు కనిపిస్తారా? యజమాని కుటుంబం అదే హాలుగుండా వంటింటికి వెళుతుందా? ఆడవారు మాత్రమే ప్రయాణించే సందర్భంలో ఈ ప్రశ్నలకు జవాబు అద్దె మొత్తంకంటె ముఖ్యం. ఏసీ ఉన్నదని వ్రాసినప్పుడు అది ఏ గదిలో ఉన్నదో వ్రాయాలి. ఫ్యాను గాలి అందని మూల పరుపు వేస్తే ఈ తీరప్రాంతపు వేసవి ఉక్కలో అది పడక అనిపించుకోదు. దోమల సంగతి పట్టణవాసులకు చెప్పనక్కరలేదు. మంచానికి దోమతెర ఉండి నేలపరుపుకు కట్టే కొక్కెం లేకపోతే ఆ మాటా దాచకూడదు.

ఫోటోల విషయంలో ఒక్క మాట. గది మూలన నిలబడి ఎక్కువ వైశాల్యం పట్టే కెమెరాతో తీస్తే పది అడుగుల గది పదిహేను అడుగులుగా కనిపిస్తుంది. తీయవద్దని కాదు, దానితోపాటు పరుపులన్నీ రాత్రివేళ పరిచే తీరులో పరచి మరొక ఫోటో తీయాలి. పరుపులు పరచిన తరువాత నడవడానికి దారి మిగిలిందో లేదో అందులో తెలిసిపోతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, తప్పుదోవ పట్టించే ప్రకటన అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో వస్తువులతోపాటు సేవలను కూడా చేర్చింది. ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా ఆ నిర్వచనంలో ఉంది. అదే నెలలో వెలువడిన ఈ-కామర్స్ నియమాలు, ప్రకటన సేవ యొక్క వాస్తవ లక్షణాలకు అనుగుణంగా ఉండాలని విక్రేతను ఆదేశిస్తాయి. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో గరిష్ఠంగా ఆరు గదులు, పన్నెండు పడకలు అని పరిమితి ఉన్న సంగతి కూడా ఇక్కడ గమనించదగినది. ప్రభుత్వం గదులతో ఆగక పడకలను వేరుగా లెక్కించింది.

ఇదంతా విని, ప్రకటన పెద్ద వ్యాసమైపోతుందేమోనని జంకనక్కరలేదు. పైన ఊహించిన ఇంటినే తీసుకొని, ఇట్లా వ్రాయవచ్చు:

“రెండు గదులు. మొదటి గదిలో 60 అంగుళాల వెడల్పుగల మంచం ఒకటి, ఇద్దరికి; ఏసీ ఈ గదిలో మాత్రమే. రెండవ గదిలో 30 అంగుళాల దివాన్ ఒకటి, ఒకరికి, ఎత్తు ఒక అడుగు. నేలమీద పరిచే పరుపులు మూడు, మందం 4 అంగుళాలు. స్నానాలగది ఒక్కటే, మొదటి గదిలోనుండి వెళ్ళాలి. ఇల్లు మేడమీద, 18 మెట్లు, లిఫ్టు లేదు. ముగ్గురికి మంచాలమీద, ముగ్గురికి నేలమీద చోటు.”

చదవడానికి అరనిమిషం. ఇచ్ఛాపురం కుటుంబం దీన్ని చూసి ఉంటే మరొక ఇల్లు వెతుక్కునేది, లేదా ఫోను చేసి, దివాన్ బదులు ఎత్తయిన మంచం వేయగలరా అని అడిగేది. వేయగలిగితే వేస్తామని, లేకపోతే లేదని చెప్పే అవకాశం ఇంటివారికి దక్కేది. ఈ వాక్యాలను ఒడియాలోను, తెలుగులోను, ఇంగ్లీషులోను పెట్టేటప్పుడు ‘మంచం’, ‘నేలపరుపు’ అన్న రెండింటికీ మూడు భాషలలోను వేర్వేరు మాటలే వాడాలి. ఇంగ్లీషులో నేలపరుపును ఉట్టి ‘బెడ్’ అనకుండా ‘ఫ్లోర్ మ్యాట్రెస్’ అనాలి.

మంచం విరిగినా, ఒక గది బంధువులకు ఇవ్వవలసి వచ్చినా, ప్రకటనను ఆ రోజే మార్చి, అప్పటికే సొమ్ము చెల్లించినవారికి ఫోను చేసి చెప్పాలి. వారు రైలు ఎక్కక ముందే చెప్పాలి.