ఎదుట నిలిచి చూచిన చిత్రకారుడు: ఆంటోనియో లోపెస్ గార్సియా



ఈ రజతోత్సవ సందర్భమున ఎవరైన ఒక చిత్రకారుని గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. రవివర్మను గూర్చియో, మన దామెర్ల రామారావుగారిని గూర్చియో చెప్పుదునని పెద్దలు తలచియుందురు. వారిని గూర్చి నాకంటె బాగుగా చెప్పగలవారు పెక్కురు కలరు. నేను స్పెయిను దేశపు చిత్రకారుడును, శిల్పియును అయిన ఆంటోనియో లోపెస్ గార్సియాను గూర్చి విన్నవించెదను. ఒక్క చిత్రమునకు ఏడేండ్లు, మరియొకదానికి ఇరువదియేండ్లు వెచ్చించిన మనిషి ఆయన. ఇది సోమరితనమా, చాదస్తమా, లేక పనిపట్ల నిజాయితీయా అనునదే నేను మీ యెదుట విచారింపదలచిన విషయము.

స్పెయినులో లా మాంచా అను మెట్టసీమ కలదు. సెర్వాంటెసు తన డాన్ క్విక్సోటును గుఱ్ఱమెక్కించి తిప్పినది ఆ నేలమీదనే. అందు తొమెల్యోసో అను ఊరు ద్రాక్షతోటలకు, ద్రాక్షసారాయమునకు ప్రసిద్ధము. లోపెస్ 1936 జనవరి 6వ తేదీన అచ్చట జన్మించెను. ఆ జూలైలోనే ఆ దేశమున అంతర్యుద్ధము చెలరేగి 1939 వఱకు సాగెను. తండ్రికి సోదరుడైన ఆంటోనియో లోపెస్ తోరెస్ ఆ ప్రాంతపు పొలములను చిత్రించిన మంచి చిత్రకారుడు. అచ్చుబొమ్మలను చూచి గీయుచున్న పిల్లవానిని, ఎదుట నున్న వస్తువును చూచి గీయుమని మళ్లించినది ఆయనయే. ఆ ఒక్క ఉపదేశము జీవితమంతకును సరిపోయినది. పదుమూడేండ్ల వయస్సున, 1949లో, బాలుడు మాడ్రిడు చేరెను. మరుసటి యేడు సాన్ ఫెర్నాండో కళాశాలలో ప్రవేశించి 1955 వఱకు చదివెను. 1961లో మరియా మొరేనోను వివాహమాడెను. ఆమెయు చిత్రకారిణియే.

ఆ కాలమున స్పెయినునందు పేరుగన్న కొత్త చిత్రకారులు పెక్కురు అమూర్తకళ వైపు మొగ్గియుండిరి. అనగా మనిషి, చెట్టు, కుండ మొదలగు రూపములను విడిచి, రంగులను గీతలను మాత్రమే పటముపై కూర్చుట. తాపియెస్, సౌరా మొదలగువారు ఆ మార్గమున ఖ్యాతి గడించిరి. ఆ మార్గమును నేను నిందింపను. లోపెసును, ఆయన మిత్రులును మాత్రము కంటికి కనిపించుదానిని విడువలేదు. ఆయన వేసిన వస్తువుల పేర్లు వినిన మీకు నవ్వు రావచ్చును: స్నానపుగదిలో చేతులు కడుగుకొను తొట్టి, చర్మమొలిచిన కుందేలు, ఫ్రిజ్జు! 1967లో వేసిన తొట్టి, అద్దముల చిత్రము అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియమున కలదు. అద్దమున కెదురుగా నిలిచి వేసినను, అందు చిత్రకారుని ముఖము లేదు. అద్దమును సూటిగా చూచు చూపు వేఱు, తొట్టిలోనికి తల వంచి చూచు చూపు వేఱు గదా! ఆ రెండును ఒక్కటే యని బుకాయింపక, నడుమ ఒక పట్టీ నుంచి రెండింటిని రెండుగానే చూపెను.

మాడ్రిడు నగరమున మిక్కిలి రద్దీగల రాజవీథి గ్రాన్ వియా. దానిని 1974లో చిత్రింప బూనుకొని 1981లో ముగించెను. పటము ఇంచుమించు మూడడుగుల చదరము మాత్రమే. వేసవిలో, తెల్లవారు వేళ, తనకు కావలసిన వెలుతురు నిలిచియున్న కొద్ది నిమిషములు మాత్రమే ఆ వీథిలో నిలిచి వేసెడివాడు. ఎండ మాఱగానే నాటి పని ముగిసినట్లే. వేసవి పోగానే ఆ యేటి పని ముగిసినట్లే. మరల మరుసటి వేసవి! చిత్రమున వీథి యంతయు నిర్జనము. ఒక గడియారము ఆరున్నర చూపుచుండును.

ఫొటోతో క్షణములో తీరు పనికి ఏడేండ్లేల యని మన యువకులు అడుగవచ్చును. ఇప్పుడు ప్రతివాని జేబులోను కెమెరా కలదు. న్యాయమైన ప్రశ్నయే. ఫొటో ఒక్క క్షణమును పట్టుకొనును. ఈ పటమున ఏడేండ్ల ఉదయములు ఒకదానిపై నొకటి పేరుకొనియున్నవి. నిన్న వేసిన గోడ నేటి కంటికి సరిపడనిచో దానిని దిద్దవలెను. దానిని దిద్దినచో ప్రక్క గోడ తప్పగును. భూమి కొలతలు వ్రాసినవారికి ఈ బాధ తెలియును. ఒక్క హద్దురాయి జరిగినచో పొరుగు నంబరులన్నిటికిని లెక్క చెప్పుకొనవలసి వచ్చును.

ఇక క్విన్సు చెట్టు కథ. క్విన్సు ఆపిలుకు దగ్గఱ చుట్టమైన ఫలవృక్షము. కాయ పండినపుడు పసుపుపచ్చగా మెఱయును. లోపెస్ దొడ్డిలో అట్టి చెట్టొకటి యుండెను. 1990 సెప్టెంబరు చివర, పండ్లపై ఎండ పడుచుండగా దానిని తైలవర్ణములతో చిత్రింప దొడగెను. విక్టోర్ ఎరీసే అను దర్శకుడు ఆ పనినంతయు చలనచిత్రముగా తీసెను. దాని నిర్మాత మరియా మొరేనోయే. 1992లో కాన్ చలనచిత్రోత్సవమున దానికి జ్యూరీ బహుమతి లభించినది.

ఆయన సన్నాహము వినదగినది. పాదములు ప్రతిదినము ఒకే చోట నిలుచుటకు నేలలో మేకులు దిగగొట్టెను. కఱ్ఱలు పాతి అడ్డముగా దారము కట్టెను. తాపీపనివారు గోడ నిలువు చూచుకొను గుండుదారమును చెట్టు ముందు వ్రేలాడదీసెను. ఆకులపైనను, కాయలపైనను తెల్లరంగుతో గుర్తులు పెట్టెను. కాయ పెరిగిన కొలది బరువెక్కి కొమ్మ వంగును గదా! నిన్నటి గుర్తు నేడు క్రిందికి దిగును. అప్పుడు పటముపై కాయనుగూడ దింపవలెను. వాన వచ్చిన, చెట్టుపై ప్లాస్టిక్ గుడ్డతో పందిరి వేసికొనెను. ఎన్రీకే గ్రాన్ అను మిత్రుడు, తానును చిత్రకారుడే, వచ్చి అడ్డము వచ్చిన ఆకులను కఱ్ఱతో ఎత్తిపట్టెను. ఇరువురును పాటలు పాడుకొనిరి. కాని ఆ శరత్తున ఆయన కోరిన ఎండ నిలువలేదు. తుదకు తైలచిత్రమును నేలమాళిగకు చేర్చి, పెన్సిలుతో గీయ మొదలిడెను. డిసెంబరున కాయలు రాలసాగెను. దానినిగూడ ఆపివైచెను.

మూడు మాసముల కష్టమునకు మిగిలినది ఒక అసంపూర్ణ చిత్రము, ఒక రేఖాచిత్రము. దీనిని ఓటమి యందుమా? నాకట్లు తోపదు. ఎండ పడిన కాయ ఎట్లుండునో ఆయనకు తెలియనిది కాదు. ఊహించి పూర్తిచేయుట ఆయనకు ఒక పూట పని. చూడని వెలుతురును చూచినట్లు చూపజాలక విడిచిపెట్టెను. శాకుంతలమున ఆఱవ అంకము చదివినవారు ఇచ్చట దుష్యంతుని తలచుకొందురు. తాను వేసిన శకుంతల చిత్రమును చూచుచు, చెవికి శిరీషపుష్పము వేయలేదు, తామరతూడుల హారము వేయలేదు అని రాజు ఎంచుకొనును. ఆయనకు ఎదుట శకుంతల లేదు, జ్ఞాపకమే ఆధారము. లోపెస్ జ్ఞాపకమును నమ్మడు. మాళవికాగ్నిమిత్రమున, మాళవికను ప్రత్యక్షముగా చూచిన రాజు, ఆమె బొమ్మ వేసినవానికి ఏకాగ్రత సడలినదని తలచును. ఏ నింద వేసినను, ఆ నింద మాత్రము లోపెసుపై వేయజాలము.

శిల్పములందును ఇదే తీరు. ప్రక్కప్రక్కన నిలిచిన స్త్రీ పురుషుల కొయ్య విగ్రహములను 1968లో మొదలిడి 1994లో ముగించెను. అవి మాడ్రిడులోని రేనా సోఫియా మ్యూజియమున కలవు. కొయ్య విగ్రహమునకు రంగు వేయుట స్పెయిను దేవాలయములలో శతాబ్దములనాటి సంప్రదాయమే. 2008లో మాడ్రిడు అతోచా రైల్వేస్టేషనున ఆయన చేసిన రెండు కంచు శిశుముఖములను నిలిపిరి. ఒక్కొక్కటి మనిషికన్న ఎత్తు. కనులు తెఱచినది పగలు, మూసినది రాత్రి. అవి ఆయన మనుమరాలి ముఖములు. బండి దిగిన ప్రయాణికునికి రాజు విగ్రహమో, సేనాని విగ్రహమో గాక పసిపాప ముఖము కనబడుట నాకు మిక్కిలి నచ్చినది.

రాజు మాట వచ్చినది కావున ఆ సంగతియు చెప్పవలెను. రాజు హువాన్ కార్లోస్ కుటుంబ చిత్రమును వేయ నంగీకరించి, దాదాపు 20 ఏండ్లకు, 2014లో అప్పగించెను. రాజు, రాణి, కుమారుడు, ఇరువురు కుమార్తెలు అందు నిలిచియుందురు. ఈలోగా పిల్లలకు పెండ్లిండ్లైనవి. 2014 జూనున రాజు సింహాసనమునే విడిచెను. రాజభవనమున చిత్రమును ఆవిష్కరించినది ఆ డిసెంబరున. పటములో మాత్రము వారు వెనుకటి వయస్సుననే యున్నారు. రాజకుటుంబము నిత్యము వచ్చి నిలువజాలదు కావున దీనిని ఫొటోల ఆధారమున వేసెను. పుస్తకములందలి ప్రతులను చూచియే మాటలాడుచున్నను, నా అభిప్రాయము దాచను: ఇరువదేండ్లకు ముగిసిన ఈ చిత్రముకంటె, ముగియని ఆ చెట్టునందే నాకు ప్రాణము కనిపించును. ఎదుట నిలిచి చూచుటకును, ఫొటోను చూచుటకును గల భేదము ఆయనకు తెలియును. అన్నియేండ్లు పట్టుట అందువలననే కాబోలు.

ఇట్లు పనిచేసినవానికి కూడెట్లు వచ్చునని అడుగువారికి: 2008లో లండను వేలములో ఆయన మాడ్రిడు నగరచిత్రమొకటి పదమూడు లక్షల పౌండ్లకు పైగా పలికినది. 1985లో నాడు ఆస్తూరియాస్ యువరాజు పేరిట నిచ్చుచుండిన కళాపురస్కారము, 2006లో వెలాస్కెస్ బహుమతి వచ్చినవి.

2020లో మరియా మొరేనో మరణించెను. మరుసటి వేసవిలో, 85 ఏండ్ల వయస్సున, లోపెస్ మాడ్రిడు నడిబొడ్డున పుయెర్తా దెల్ సోల్, అనగా సూర్యద్వారము, అను కూడలిలో పటము నిలిపి బొమ్మ వేయుచుండగా జనము చుట్టు మూగిరి. కొన్నేండ్ల క్రిందట మొదలిడి ఆపిన చిత్రమది. ఆ దేశపు ప్రధాన రహదారుల దూరములను లెక్కించు సున్న గుర్తు ఆ కూడలిలోనే కలదు. తనకు కావలసిన వెలుతురు వేళకు వచ్చి, అది పోగానే సామాను సర్దుకొని వెడలెడివాడు.