చివరి దినాల వైద్యము – శ్రమజీవి హక్కు

(సూరత్‌లోని బమ్రోలిలో తెలుగు కార్మికుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బమ్రోలి, పాండెసర, ఉధనా వీధులలో వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నవి. వారు నేసిన బట్టను మన రైళ్లు దేశమంతటా చేరవేసినవి. వారి కూలి డబ్బును మన పోస్టుమాన్లు మనియార్డర్ల రూపమున స్వగ్రామాలలోని ముసలి తల్లిదండ్రుల చేతికి అందించినారు. కనుక వారి కష్టసుఖాలు మనకు పరాయివి కావు.

నేడు ఒక్క ప్రశ్న మీ ముందుంచుతున్నాను. మనిషికి వచ్చిన చివరి జబ్బు ఖర్చు ఎవరు భరించాలి?

విరమించిన రైల్వే ఉద్యోగులకు 1997 నాటి పథకము క్రింద రైల్వే ఆసుపత్రులలో జీవితాంతము వైద్యము లభిస్తున్నది. తపాలా పింఛనుదారులకు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమున్నది. ఇవి దయాభిక్ష కావు, మన హక్కులు.

పక్కింటి నేత కార్మికుని సంగతేమిటి? ఇ.ఎస్.ఐ. చట్టము 1948లోనే వచ్చినది. అయితే పదిమంది పనివారన్న హద్దు ఉండుటచేత, ఒకే షెడ్డును పలు పేర్లతో ముక్కలుగా చూపిన యజమాని బాధ్యత తప్పించుకొనగలడు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోను సాధారణ సంస్థలకు ఆ హద్దే నిలిచినది.

ఒకే వీధిలో ఇద్దరు వృద్ధులకు ఒకే కాన్సరు సోకినదనుకొనండి. ఒకరు వైద్యపు కార్డు చూపి ఆసుపత్రిలో చేరుతారు. రెండవవారి ఇంట పుస్తెలు తాకట్టుకు పోతాయి. మనుమడు బడి మాని మగ్గమెక్కుతాడు. కడకు ఆ వృద్ధుడు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్లుకు, చనిపోవుటకై, తిరుగు ప్రయాణము కడతాడు. లెక్కలలో రెండవవానిపై అయిన ఖర్చు తక్కువగానే కనబడును. రోగము తక్కువై కాదు, చేతిలో పైకము లేక. మరొక వైపు, ధనమున్న చోట ఫలితము లేదని తెలిసియు యంత్రాల మధ్య రోజులు పొడిగించుట జరుగుతున్నది. ఆదాయమే చికిత్సను నిర్ణయించునప్పుడు ఈ రెండు అన్యాయాలూ కలిసియే పుడతాయి.

చెల్లించలేని కారణమున ఎవరికీ వైద్యము అందకపోరాదని భోర్ కమిటీ 1946లోనే చెప్పినది. వైద్యము ఎవరికి అధికముగా అవసరమో వారికే తక్కువగా అందుతున్నదని బ్రిటిషు వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో సూత్రీకరించినాడు. మన దేశపు ఆరోగ్య వ్యయములో ప్రజల సొంత జేబుల వాటా 2013–14లో 64.2 శాతము, 2021–22లో 39.4 శాతము. తగ్గినమాట నిజమే. అయినను వందకు నలభై రూపాయలు రోగి ఇంటినుండే పోతున్నవి.

2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చినది. 2024 అక్టోబరులో దానిని ఆదాయముతో నిమిత్తము లేకుండ 70 ఏండ్లు దాటిన వారికి విస్తరించినారు. మంచిదే. కాని అది ప్రధానముగా ఆసుపత్రిలో చేరినప్పటి వైద్యమునకే. చివరి నెలలు గడిచేది ఇంటి మంచము మీద. అక్కడ కావలసినది నొప్పి తగ్గించు మార్ఫిన్, పుండు కడుగు నర్సు, కుటుంబానికి ధైర్యము. కేరళ 2008లో ఇందుకొక ప్రభుత్వ విధానమునే ప్రకటించి, పంచాయతీల ద్వారా ఇంటివద్ద సేవకు పూనుకొన్నది.

కాబట్టి మనము కోరవలసినవి మూడు: పదిమంది హద్దు తొలగించి ప్రతి మగ్గపు కార్మికుని బీమాలో చేర్చాలి, ఇంటివద్ద ఉపశమన చికిత్సను ప్రభుత్వ బాధ్యత చేయాలి, 70 ఏండ్ల వయోపరిమితిని శ్రమజీవులకు తగ్గించాలి. కోరికలతో ఆగక, మన శాఖల సభ్యులు ఆదివారాలు ఈ వీధులకు వచ్చి వృద్ధుల కార్డుల దరఖాస్తులు పూర్తిచేయాలి.

మనకున్న హక్కు పక్కవానికి లేనంతకాలము అది హక్కుగా నిలువదు. రాయితీగా చూపబడి, ఒకనాడు తీసివేయబడును. మన కార్డును కాపాడుకొను మార్గము వానికిని కార్డు ఇప్పించుటయే.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!