మన గడపకు వచ్చిన పరాయివారి అప్పు తాకీదు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నేను మాట్లాడబోయే విషయం పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. మనింటికి ఒక కవరు వస్తుంది. దానిమీద బ్యాంకు పేరో, వకీలుగారి పేరో, కోర్టు ముద్రో ఉంటుంది. డోరు నంబరు మనదే. మనిషి పేరు మాత్రం మనది కాదు. మగవాళ్ళు పనుల మీద పోయి ఉంటారు. ఇంట్లో ఉన్నవాళ్ళకు గుండెదడ మొదలవుతుంది. "మన సామాను జప్తు చేస్తారేమో" అని ఒకరంటారు. "చించి పొయ్యిలో పారెయ్" అని ఇంకొకరంటారు. "ఎందుకొచ్చిన గొడవ, సంతకం పెట్టి పంపించెయ్" అని పక్కింటివారంటారు. భయపడటం, చించడం, సంతకం పెట్టడం, ఈ మూడూ పనికిరానివే. ఎందుకు పనికిరావో మనవి చేస్తాను.

ముందు ఈ ఉత్తరాలు మన గడపకు ఎలా వస్తాయో చూడండి. మనలో చాలామందిమి అద్దె ఇళ్ళవాళ్ళం. మనకంటే ముందున్న కుటుంబం వేరే పేటకో, కువైట్‌కో పోతుంది. బ్యాంకులో చిరునామా మార్పించదు. మున్సిపాలిటీవారు డోరు నంబర్లు మార్చినప్పుడు పాత నంబరు ఒక ఇంటికి, కొత్త నంబరు ఇంకొక ఇంటికి వచ్చి కూర్చుంటుంది. దానికితోడు మన పేర్ల సంగతి ఉంది. మస్తాన్, నాగూర్, బాజీ, సుభానీ అని దర్గాల మీది, బుజుర్గుల మీది భక్తితో పెట్టుకున్న పేర్లు, ముందు షేక్. ఒకే వీధిలో అదే పేరు గలవారు నలుగురుంటే ఆశ్చర్యం లేదు. కాబట్టి మన పేరులాంటి పేరు కనబడగానే కంగారు పడవద్దు. తండ్రి పేరు చూడండి. అది కలవకపోతే ఆ ఉత్తరం మనది కాదు.

ఇక అసలు మాట. అప్పు మనిషికి అంటుకుంటుంది గాని గడపకు అంటుకోదు. ఒకరి భారం ఇంకొకరు మోయనక్కరలేదన్నది మన దీన్‌లో ఉన్నమాటే. మన దేశపు చట్టం కూడా ఆ దారినే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జప్తు చేయదగినది బాకీదారుడి ఆస్తి మాత్రమే. ఆ బాకీదారుడికి కూడా కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతివృత్తివాడి పనిముట్లు వదిలిపెట్టాలని అందులోనే ఉంది. అలాంటప్పుడు ముక్కూమొగం తెలియనివాడి బాకీకి మన బీరువా ఎలా పట్టుకుపోతారు? ఒకవేళ పొరపాటున జప్తు జరిగినా, అది మా సొత్తు అని అదే కోర్టులో అభ్యంతరం పెట్టుకునే హక్కు 21వ ఆర్డరు 58వ రూలు ఇస్తున్నది.

అయితే భయం లేదు కదా అని ఊరుకోవడం కూడా కాదు. పోస్ట్‌మాన్ సంతకం కావలసిన ఉత్తరం తెచ్చాడనుకోండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు గనుక కవరు చూడటానికి వేరుగా ఉండవచ్చు, పద్ధతి మాత్రం అదే. అప్పుడు మన నోట వచ్చే మాట మీద చాలా ఆధారపడి ఉంది. "మాకొద్దు, తీసుకుపో" అంటే అతను 'రెఫ్యూజ్డ్' అని రాసుకోవచ్చు. పుచ్చుకోనన్నారని రాసి ఉన్న సమన్లు ముట్టినట్టే కోర్టు లెక్క వేస్తుంది. "ఆయన ఇప్పుడు ఇంట్లో లేడు" అన్నా చిక్కే, సాయంత్రానికి వస్తాడన్న అర్థం వస్తుంది. చెప్పవలసింది ఒక్కటే: "ఈ పేరుగల మనిషి ఈ ఇంట్లో కాపురం లేరు. ఆ మాటే కవరు మీద రాసి వెనక్కి పంపండి." మామూలు టపాలో తలుపు సందులోంచి పడిపోయిన కవరైతే చింపకుండా, దానిమీద అదే వాక్యం రాసి పోస్ట్‌మాన్ చేతికివ్వండి.

కోర్టు అమీను వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. మనిషి దొరకకపోతే సమన్ల నకలు ఇంటి తలుపుకు అంటించిపోయే అధికారం అతనికి ఉంది. కాని ఆ ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో పేరు, చిరునామాతో సహా కోర్టుకు రాసి ఇవ్వాలి. వీధిలో నిలబడి "ఆ, అదే ఇల్లు" అని తెలిసీతెలియక చూపించేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇదంతా మనల్ని మనం కాపాడుకోవడానికేనా? కాదు. అవతల మనిషిని కూడా తలుచుకోండి. చెక్కు చెల్లకపోయినవాడికి నోటీసు అందిన తరువాత డబ్బు కట్టుకోవడానికి చట్టం ఇచ్చింది 15 రోజులు. మనం సంతకం పెట్టి ఆ కవరు అలమారులో పడేస్తే అతనికి ముట్టినట్టు కాగితం మీద పడుతుంది, అతనికేమో కబురే ఉండదు. సమన్ల విషయంలోనూ అంతే. వాయిదాకు రాలేదని ఏకపక్షంగా డిక్రీ అయిపోతుంది. అతడు చెల్లుబెట్టిన రసీదులు చూపించుకునే అవకాశం కూడా పోవచ్చు. తరువాత ఆ డిక్రీ కొట్టివేయించుకోవడానికి మళ్ళీ వకీలు, మళ్ళీ ఖర్చు. మన చేతిలోని కవరు ఒక అమానత్. ఆ మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే ఒక ఫోను చేసి "భాయ్, మీకు కాగితం వచ్చింది, చిరునామా మార్పించుకోండి" అని చెప్పడం మన బాధ్యత.

ఉత్తరాలు ఆగకుండా వస్తుంటే కవరు మీదున్న చిరునామాకు మనమే తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాయాలి. "ఫలానా సంవత్సరం నుంచి ఈ ఇంట్లో మేము ఉంటున్నాము. మీరు రాసిన పేరుగల వ్యక్తి ఇక్కడ లేరు. వారి బాకీతో మాకు సంబంధం లేదు. మీ రికార్డునుంచి ఈ చిరునామా తొలగించగలరు." కవరు పైన కనబడే నంబరు ఉంటే వేయండి. నకలు, పోస్టు రసీదు భద్రంగా దాచుకోండి.

వసూలు మనుషులు గుమ్మంలోకి వస్తే తగవు పెట్టుకోవద్దు. వాళ్ళ గుర్తింపు కార్డు అడగండి. మీ ఆధార్ నకలు మాత్రం చేతికివ్వవద్దు. గొడవ వదులుతుందని వందో వెయ్యో కట్టవద్దు. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత బాకీ వసూలుకు ఫోన్లు చేయరాదని, బెదిరించరాదని, బాకీదారుడి బంధుమిత్రులను కూడా అవమానపరచరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో బ్యాంకులకు, ఫైనాన్సు కంపెనీలకు చెప్పింది. బంధువులకే ఆ రక్షణ ఉంటే ఏ సంబంధమూ లేని మనం వాళ్ళ మాటలు ఎందుకు పడాలి? కేకలు వేసినా, లోపలికి జొరబడినా పోలీసులకు చెప్పండి.

మూడు చోట్ల మాత్రం "మాది కాదు" అని వదిలేయకూడదు. కవరు మీద మన ఇంటి యజమాని పేరో, మనకు ఇల్లు అమ్మినవారి పేరో ఉంటే ఆ ఇల్లే తాకట్టులో ఉన్నదేమో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించి చూసుకోండి. తాకట్టు బాకీ ఇంటివెంట నడుస్తుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి బ్యాంకు ఆ ఇంటినే స్వాధీనం చేసుకోగలదు. రెండోది, మనం ఎవరికైనా జామీను సంతకం పెట్టి ఉంటే ఆ బాకీ మనదే. మూడోది, పేరు, తండ్రి పేరు రెండూ మనవే అయి అప్పు మాత్రం మనం తీసుకోనిదైతే ఎవరో మన కాగితాలు వాడారన్నమాట. క్రెడిట్ సమాచార కంపెనీలు ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అది తెప్పించి చూసుకుని బ్యాంకుకు, పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

సోదరులారా, ఖుర్ఆన్ షరీఫ్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరె బఖరాలోని 282వది, అప్పును రాతలో పెట్టుకోవడం గురించినది. బాకీ విషయంలో రాతకు, సాక్ష్యానికి మన దీన్ ఇంత విలువ ఇచ్చింది. అలాంటప్పుడు మన వాకిట నిలబడి "ఈ మనిషి ఇక్కడ లేడు" అని చెప్పడం కూడా ఒక సాక్ష్యమే. దాన్ని భయంతో మింగవద్దు, విసుగుతో మార్చవద్దు. ఈ మాట ఇంట్లో ఆడవాళ్ళకు, కాలేజీ పిల్లలకు కూడా చెప్పి ఉంచండి. మనం లేనప్పుడు తలుపు తీసేది వాళ్ళే.

అల్లాహ్ మనల్ని అప్పుల బాధనుంచి, పరాయి అప్పుల భయంనుంచి కాపాడుగాక. ఆమీన్.