సిలువ మీద ఏడు మాటలు – హైడన్ సంగీతము

(మట్టల ఆదివారము సాయంత్రము ప్రసారమైన రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగములు: లూకా 23:33–46, యోబు 2:11–13)



రానున్న శుక్రవారము మధ్యాహ్నము పన్నెండు గంటలకు మనలో చాలామందిమి దేవాలయములో ఉంటాము. మూడు గంటల వరకు ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన మాటలు ఏడు, వాటిని ధ్యానింపజేసేవారు ఏడుగురు. ఒక మాట పాస్టరుగారికి, ఒకటి సంఘపెద్దకు, ఒకటి స్త్రీల సమాజమునకు, ఒకటి యౌవనస్థులకు. రెండవ మాట చెప్పే సహోదరుడు మూడవ మాటవారి సమయము కూడ తీసికొనుట, ఏడవ మాటవారికి ఐదు నిమిషములే మిగులుట ప్రతి సంఘమునకు అనుభవమే. అలాటి ఆరాధన కొరకే వ్రాయబడిన ఒక సంగీతమును గురించి, దానిని వేరువేరు బృందములవారు వాయించిన రికార్డింగులను గురించి ఈ సాయంత్రము మీతో మాట్లాడాలని ఉన్నాను. ప్రసంగములో రికార్డింగుల మాట ఎందుకని అనుకోవద్దు. అవి వింటూ ఉండగా వాక్యమును గూర్చిన ఒక ప్రశ్న నన్ను పట్టుకొన్నది.

ముందు చరిత్ర కొంచెము. ఈ మూడు గంటల ఆరాధన యెరూషలేములో పుట్టినది కాదు, రోములో పుట్టినది కాదు. దక్షిణ అమెరికాలో, పెరూ దేశపు లిమా పట్టణములో, 1687లో వచ్చిన గొప్ప భూకంపము తరువాతి కాలములో అలోన్సో మెస్సియా అనే జెస్యూట్ గురువు దీనిని ప్రారంభించినట్లు చెప్పుదురు. అక్కడినుండి స్పెయిను దేశమునకు, తరువాత ఇతర దేశములకు, కాలక్రమమున ప్రొటెస్టెంటు సంఘములలోనికి వచ్చినది. మన ఊరి గుడిలో మనము కూర్చొనే ఆ మూడు గంటలకు మూలము కూలిపోయిన ఒక పట్టణములో ఉన్నది.

స్పెయినులో సముద్రపు ఒడ్డున కాదిస్ అనే రేవు పట్టణము ఉన్నది. యోనా పారిపోవాలనుకొన్న తర్షీషు ఆ ప్రాంతమేనని కొందరు పండితుల అభిప్రాయము. అక్కడ భూగర్భములో సాంతా క్వేవా, అనగా పరిశుద్ధ గుహ, అనే ప్రార్థనా స్థలమున్నది. దాని బాధ్యత వహించిన హోసే సాయెన్స్ దె సాంతా మరియా అనే గురువు ఆస్ట్రియాలోని జోసెఫ్ హైడన్‌కు వర్తమానము పంపి, మంచి శుక్రవారపు ఆరాధనకు సంగీతము కావాలని కోరాడు. హైడన్ (1732–1809) అప్పటికి యూరప్ అంతటా పేరుపొందినవాడు. భక్తిపరుడు. వ్రాతప్రతి పైన ప్రభువు నామమున అని మొదలుపెట్టి, చివర దేవునికి స్తోత్రము అని ముగించే అలవాటు ఆయనకున్నది. 1786లో పని చేపట్టాడు. కాదిస్‌వారు ప్రతిఫలముగా ఒక కేకు పంపితే కోపముతో కోసి చూచాడట, లోపల బంగారు నాణెములున్నవట. ఈ కథ మాత్రము కథగానే వినండి.

1801లో ఈ సంగీతము మరల అచ్చయినప్పుడు హైడన్ పేర వెలువడిన ముందుమాటలో కాదిస్ ఆరాధన ఎలా జరిగేదో ఉన్నది. దేవాలయపు గోడలకు, కిటికీలకు, స్తంభములకు నల్లని బట్ట కట్టేవారు. మధ్యలో వ్రేలాడే ఒక్క పెద్ద దీపము తప్ప వెలుగుండదు. మధ్యాహ్నము తలుపులన్ని మూసేవారు. బిషప్పుగారు ప్రసంగపీఠమెక్కి, ఏడు మాటలలో మొదటిది పలికి, దానిమీద కొంతసేపు ప్రసంగించేవాడు. తరువాత క్రిందికి దిగి బలిపీఠము ఎదుట మోకరించేవాడు. అప్పుడు సంగీతము. మరల రెండవ మాట, మరల మోకరించుట, మరల సంగీతము. ఒక్కొక్కటి పది నిమిషములు పట్టే ఏడు విలంబ రచనలను, వినేవారికి విసుగు కలుగకుండ, ఒకదాని వెంట ఒకటి వ్రాయుట సులభము కాలేదని హైడన్ ఒప్పుకొన్నాడు.

ఇక్కడ ఒక్క క్షణము ఆగండి. ఆ సంగీతము ప్రసంగమునకు ముందు రాదు, ప్రసంగము క్రింద వినిపించదు. మాట పలుకబడిన తరువాత వస్తుంది. అది వినిపించినంతసేపు ప్రసంగీకుడు మోకాళ్ళ మీద ఉంటాడు. ఇంతసేపు చెప్పినవాడు ఇప్పుడు వినవలసినవాడు.

హైడన్ మొదట దీనిని పెద్ద వాద్యబృందము కొరకు వ్రాశాడు. పాట లేదు, గాయకులు లేరు. అయినను మొదటి వయొలిన్ వాయించేవాని ప్రతిలో ఆరంభ స్వరముల క్రింద ప్రభువు మాటను లాటిను భాషలో అచ్చువేయించాడు. ఆ అక్షరముల నడకనుండే స్వరములు పుట్టినవి. 1787లో రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో – ఈ నాలుగింటికే కుదించిన స్ట్రింగ్ క్వార్టెట్ రూపము తయారుచేశాడు. కొన్ని సంవత్సరముల తరువాత లండను నుండి తిరిగివచ్చుచు జర్మనీలోని పస్సౌ పట్టణములో ఆగినప్పుడు, అక్కడి సంగీతాధికారి ఫ్రీబెర్ట్ తన రచనకు జర్మను మాటలు చేర్చి పాడించుట విన్నాడు. ఇంతకంటె తానే బాగుగా చేయగలననుకొని, మాటలను సవరింపజేసి, 1796లో గాయకబృందముతో కూడిన మూడవ రూపమును వియన్నాలో వినిపించాడు. 1803 డిసెంబరు 26న ఆయన చివరిసారిగా వాద్యబృందమును నడిపించినది కూడ ఈ ఏడు మాటలకే.

ఇవన్నీ ఈనాడు సీడీలలోను, ఇంటర్నెట్‌లోను దొరుకుచున్నవి. ఒకే సంగీతము, మూడు రూపములు, ఎందరో వాయించినవారు. వాటిని ప్రక్కప్రక్కన పెట్టి వింటే ఏమి తెలియును?

మొదట నాలుగవ మాట వినండి. దేవుడు తనను ఎందుకు విడిచెనని ప్రభువు మొఱ్ఱపెట్టిన మాట (మత్తయి 27:46). ఈ భాగములో కొన్నిచోట్ల తోడు వాద్యములన్ని ఆగిపోయి మొదటి వయొలిన్ ఒంటరిగా మిగులును. పెద్ద వాద్యబృందములో మొదటి వయొలిన్ అంటే అనేకులు కలిసి వాయించేది. ఎంత బాగుగా వాయించినను అది ఒక గుంపు దుఃఖము. క్వార్టెట్‌లో నిజముగా ఒక్క మనిషే మిగులుతాడు. మోజాయిక్ క్వార్టెట్ అనే బృందమువారు హైడన్ కాలములో వలె పేగులతో చేసిన తీగెలు కట్టిన వాద్యములు వాయించుదురు. ఆ తీగెల ధ్వని ఉక్కు తీగెలవలె మెరవదు, కొంచెము గరుకుగా, మనిషి గొంతువలె ఉంటుంది. ఆ ఒంటరి స్వరము వచ్చినచోట విల్లు తీగెను రాసుకొనే శబ్దము కూడ వినబడును. మాస్కోలో 1945లో ఏర్పడిన బొరొడిన్ క్వార్టెట్ వారు ఇదే భాగమును బరువుగా, నిండుగా వాయించుదురు. అది ఎంతో అందముగా ఉన్నది. అయితే విడువబడినవాని మొఱ్ఱ అంత అందముగా ఉండవలెనా? నాకు మోజాయిక్ వారి గరుకుతనమే వాక్యమునకు దగ్గరగా ఉన్నట్లున్నది.

అమెరికాకు చెందిన ఎమర్సన్ క్వార్టెట్ వారు, అచ్చయిన క్వార్టెట్ ప్రతి కొన్నిచోట్ల పలుచగా ఉన్నదని, మిగతా రెండు రూపములను చూచి కొన్ని స్వరములు సరిచేసికొని వాయించారు. శ్రద్ధగల పని. వారి వాయింపు స్పష్టము. అయినను ఆ పలుచదనము సరిచేయవలసిన లోపమని నేననుకొనను.

ఇప్పుడు ఐదవ మాట, దప్పిక మాట (యోహాను 19:28). సముద్రమును కలుగజేసినవాడు నీళ్ళడుగుచున్నాడు. హైడన్ ఇక్కడ తోడు వాద్యములవారిని విల్లు వాడనీయక తీగెలను వ్రేళ్ళతో మీటమన్నాడు. టప్, టప్ అని ఒక్కొక్క చుక్క. పైన రెండే స్వరముల పిలుపు, క్రిందికి జారుచు. ఎండాకాలములో మన పల్లెలలో బోరింగు కొట్టి కొట్టి, బిందె అడుగున పడే చుక్కల శబ్దము విన్నవారికి దీని అర్థము ఎవరును చెప్పనక్కరలేదు. అప్పుడు ఉన్నట్టుండి సంగీతము బిగ్గరగా, కఠినముగా మారును. నీళ్ళడిగితే చిరక ఇచ్చిరి.

గాయకబృందముతో ఉన్న రూపమును నికొలాస్ హార్నన్‌కూర్ నడిపించిన రికార్డింగులో విన్నాను. మోజాయిక్ క్వార్టెట్‌వారు ఈయన వాద్యబృందములో వాయించినవారే, గనుక ఒకే బడిలో చదివినవారు రెండు విధములుగా సాక్ష్యమిచ్చుచున్నారని చెప్పవచ్చును. ఈ రూపములో ప్రతి భాగమునకు ముందు గాయకులు వాద్యముల తోడు లేకుండ ప్రభువు మాటను పలుకుదురు. అది చాల గంభీరము, మన గుడిలో అందరు లేచి నిలిచి వాక్యము చదివినట్లుండును. అటు తరువాత జర్మను మాటలు మొదలగును. దప్పిక అంటే ఏమి, ఆ మనుష్యులు ఎంత క్రూరులు, మనము ఎలా జాలిపడాలి – అంతా వివరించి పాడుదురు. హార్నన్‌కూర్ దానిని తీవ్రముగా నడిపించారు, లోపమేమియు లేదు. అయితే ఆ చుక్కల శబ్దము మాటల క్రింద వినబడకుండ పోవుచున్నది. హైడన్‌కు కూడ ఇది తోచినదేమో! ఐదవ మాటకు ముందు మాత్రము గాయకుల పలుకు పెట్టలేదు. దానికి బదులు ఊదే వాద్యములకు మాత్రమే ఒక క్రొత్త భాగమును వ్రాసి చేర్చాడు. మాటలు చేర్చిన రూపములోనే, దప్పిక దగ్గరకు వచ్చేసరికి, మాటలు ఆపాడు.

ఇక్కడే ఆ ప్రశ్న. వినుటవలన విశ్వాసము కలుగునని మనకు తెలుసును (రోమా 10:17). మాటలు లేని సంగీతము వలన సువార్తకేమి లాభమని ఒక విశ్వాసి అడిగితే అది న్యాయమైన ప్రశ్న. నేను దానిని త్రోసివేయను. మాట లేకపోతే ఈ సంగీతమే లేదు, స్వరముల క్రింద ప్రభువు మాట వ్రాయబడియున్నది. అయితే మాట పలుకబడిన తరువాత ఏమి చేయాలి? వెంటనే ఇంకొక మాట చెప్పాలా?

యోబు స్నేహితులను చూడండి. ముగ్గురు మూడు ఊళ్ళనుండి వచ్చి, ఆయన బాధ చూచి, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేలమీద కూర్చున్నారు. ఒక్కడైనను నోరు తెరవలేదు. వారిని మనము ఆక్షేపించునది వారు మాట్లాడిన దానినిబట్టే గాని, ఆ ఏడు దినములనుబట్టి కాదు.

బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దగ్గరకు వెళ్ళి, శవము ఇంకా వాకిట ఉండగానే, ఇది దేవుని చిత్తమని చెప్పేవారున్నారు. చెప్పింది వాక్యమే కావచ్చును. ఆ తల్లి దానిని ఎక్కడ పెట్టుకోవాలి? సిలువ దగ్గర నిలిచిన తన తల్లికి ప్రభువు ఏ వివరణ ఇవ్వలేదు. ఆమెకు ఒక కుమారుని, ఒక ఇల్లును ఇచ్చాడు (యోహాను 19:26–27). మూడవ మాట అది. హైడన్ దానికి వ్రాసినది కూడ నెమ్మదియైన సంగీతమే.

అలాగని ప్రసంగమునకు తావులేదని అనుటలేదు. చికాగో ప్రాంతములో ఉండిన వెర్మీర్ క్వార్టెట్ వారు ప్రతి మాటకు ముందు ఒక ప్రసంగీకుని స్వరముంచి ఈ సంగీతమును రికార్డు చేశారు. వాటిలో మార్టిన్ లూథర్ కింగ్ గారి స్వరమున్నది. ఆయన 1968లోనే చంపబడినవాడు గనుక పాత రికార్డింగు నుండి తీసికొన్నారు. హంతకుని తుపాకికి బలియైనవాని స్వరము ఆగిన తరువాత నాలుగు వాద్యములు మొదలైనప్పుడు, ఈ రచన దేనికొరకు వ్రాయబడెనో బాగుగా తెలియును. జోర్డి సావాల్ అయితే 2006లో వాద్యబృందమును తీసికొని కాదిస్‌కే వెళ్ళి, ఆ సాంతా క్వేవాలోనే రికార్డు చేశారు. అందులో ప్రతి భాగమునకు ముందు లేఖన వాక్యము లాటినులో చదువబడును. ఆరవ మాట, సమాప్తమైనదన్న మాట, లాటినులో ఐదు అక్షరముల ధ్వని. ఆ వెంటనే అందరు కలిసి ఐదు దీర్ఘ స్వరములు వాయించినప్పుడు ఒక్కొక్కటి మేకు దిగినట్లుండును.

ఏడవ మాటకు వయొలిన్లకు ధ్వనిని అణచే చిన్న బిళ్ళ తగిలించి వాయించుదురు. ఊపిరి తగ్గినట్లు తగ్గి తగ్గి, ఆగకుండ భూకంపములోనికి పోవును (మత్తయి 27:51). ఇది రెండు నిమిషములు కూడ ఉండదు. ఇక్కడ మాత్రము క్వార్టెట్ చాలదు. నలుగురు ఎంత గట్టిగా వాయించినను గది కదలదు. సావాల్ రికార్డింగులో బాకాలు, నగారాలు ఒక్కసారిగా లేచినప్పుడు రేడియో బల్ల అదురును. కాదిస్‌వారికి ఇది ఊహ కాదు. 1755 నవంబరు 1న లిస్బను పట్టణమును కూల్చిన భూకంపము సముద్రమును వారి గోడలమీదికి తెచ్చినది. ఈ సంగీతము మొదట విన్నవారిలో పెద్దలు దానిని కన్నులార చూచినవారే. 2004 డిసెంబరు 26 ఉదయము మన కోస్తాలో ఉన్నవారు వారి ముఖములను ఊహించుకొనగలరు.

పాస్టరుగారలారా, సంఘపెద్దలారా, ఈ శుక్రవారమునకు ఒక విన్నపము. వయొలిన్లు తేనక్కరలేదు, సీడీ పెట్టనక్కరలేదు. ఒక్కొక్క మాట చెప్పిన సహోదరుడు లేక సహోదరి దిగివచ్చి సంఘమునకు ఎదురుగా కాక, సంఘముతో కలిసి అదే వైపు తిరిగి మోకరించవలెను. మూడు నిమిషములు. హార్మోనియము వాయించేవారుంటే మెల్లగా వాయించవచ్చును, లేకపోతే ఊరకే ఉండవచ్చును. తరువాతివారిని పిలుచుటకు తొందరపడవద్దు. చిన్నపిల్లలు కదలుదురు, ఎవరో దగ్గుదురు. పరవాలేదు.

మన సమయములో ఇంక కొన్ని నిమిషములున్నవి. ఐదవ మాటకు హైడన్ వ్రాసిన భాగమును మోజాయిక్ క్వార్టెట్ రికార్డింగు నుండి వినిపింతుము. రేడియో శబ్దము కొంచెము పెంచండి, మీటుట చాల మెల్లగా ఉండును. నేనిక మాట్లాడను. ప్రార్థనలో తలలు వంచుదము.

(వాద్య సంగీతము)