పటమునకు కొలత ప్రాణము

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



కంప్యూటరులో విమానముల నమూనాలు నిర్మింపగోరువారు పటములను సరియైన కొలతకు తెచ్చుకొను విధమును గూర్చి ప్రసంగింపవలసినదని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. ప్రత్తికి ఆదోని, మగ్గమునకు ఎమ్మిగనూరు పేరుపొందిన ఈ సీమలో విమానముల మాట ఏల యని కొందరికి తోపవచ్చును. కాని ఈ విద్యకు మూలమైన సూత్రము మన నేతగానికిని, పొలము కొలుచు సర్వేయరుకును తెలిసినదే. కావున అక్కడినుండియే ప్రారంభింతును.

మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘముతో ఎమ్మిగనూరు వస్త్రములకు దేశమున పేరు వచ్చినది. నేతలో పువ్వునో, హంసనో దింపవలెనన్న మొదట దానిని గళ్ల కాగితముపై గీయుదురు. అడ్డమున ఒక్కొక్క గడి ఒక పడుగుపోగు, నిలువున ఒక్కొక్క గడి ఒక పేకపోగు. బట్టలో అంగుళమునకు పడుగు 60 పోగులు, పేక 40 పోగులు ఉన్నవనుకొందము. అంగుళము వెడల్పుగల గుండ్రని చుక్క కావలెనన్న అడ్డమున 60 గళ్లు, నిలువున 40 గళ్లు గీయవలెను. కాగితముపై అది కోడిగ్రుడ్డువలె కనిపించినను బట్టపై గుండ్రముగా వచ్చును. అట్లుగాక కాగితముపైననే గుండ్రముగా గీసినచో బట్టపై అది సాగిపోవును. అడ్డపు కొలత వేరు, నిలువు కొలత వేరు. రెంటిని విడివిడిగా చూడవలెను. ఇది మొదటి సూత్రము.

రెండవది పొలము పటమునకు సంబంధించినది. ఎఫ్.ఎం.బి. పటమును జిరాక్సు తీయునప్పుడు యంత్రము దానిని కొంచెము తగ్గించినచో, పటముపై వ్రాసియున్న స్కేలు అబద్ధమగును. ఆ కాగితముపై అడుగుబద్ద పెట్టి గట్టు ఎక్కడ వచ్చునో తేల్చబూనినవాడు పొరుగువానితో తగవు తెచ్చుకొనును. గీతల ప్రక్కన వ్రాసిన కొలతల అంకెలు మాత్రము కాగితము తగ్గినను పెరిగినను మారవు. కావున పటముపై ముద్రించిన నిష్పత్తిని గాక, వస్తువుయొక్క అసలు కొలతనే ఆధారము చేసికొనవలెను.

ఇక విమానమునకు వత్తము. మన జిల్లాలోని ఓర్వకల్లు విమానాశ్రయమునుండి 2021 మార్చిలో ప్రయాణికుల విమానములు మొదలైనవి. ఆ తొలి దినములలో అక్కడ దిగినవి ఏ.టి.ఆర్. 72-600 రకపు విమానములు. దాని పొడవు 27.17 మీటర్లు, రెక్కల కొననుండి కొనకు 27.05 మీటర్లు, ఎత్తు 7.65 మీటర్లు. పొడవు, వెడల్పు ఇంచుమించు సమానమగుటచే అభ్యాసమునకు ఇది మిక్కిలి అనుకూలమైనది. పైనుండి చూచినట్లు గీసిన పటములో ఈ రెండును సమానముగా కనిపింపనిచో, ఆ పటము ఎక్కడో సాగినదని వెంటనే తెలియును.

పని చేయు క్రమమిది. పటమును స్కాను చేయునప్పుడు పుస్తకపు కుట్టువద్ద కాగితము వంగకుండ చూడవలెను. పిదప విమానపు నడిమి గీత తిన్నగా ఉండునట్లు చిత్రమును త్రిప్పవలెను; వంకర తీర్చిన తరువాతనే కొలవవలెను. రెక్కల వెడల్పు 2,705 పిక్సెళ్లు వచ్చినదనుకొందము. అనగా మీటరునకు 100 పిక్సెళ్లు. అప్పుడు పొడవు 2,717 రావలెను. 2,650 మాత్రమే వచ్చినచో 67 పిక్సెళ్లు, అనగా అసలు విమానముమీద 67 సెంటీమీటర్లు లోపించినవి. చిత్రమునంతను పెంచినచో సరిగానున్న వెడల్పు చెడును. పొడవు దిక్కున మాత్రమే 2,717ను 2,650చే భాగింపగా వచ్చిన 1.025 వంతున పెంచవలెను.

పిమ్మట మూడు పటములను ఒకదానితో నొకటి సరిచూడవలెను. వెడల్పు పైపటమునను ముందుపటమునను, పొడవు పైపటమునను ప్రక్కపటమునను, ఎత్తు ప్రక్కపటమునను ముందుపటమునను ఒకటే కావలెను. అంతటితో ఆగక లోపలి కొలత నొకదానిని సాక్షిగా పిలువవలెను. ఈ విమానపు ప్రొపెల్లరు వ్యాసము 3.93 మీటర్లు. ముందుపటములో అది తిరుగు వలయమును గీసియున్నచో అడ్డమునను నిలువునను 393 పిక్సెళ్లే రావలెను. వలయము కోడిగ్రుడ్డైనచో నేతగాని చుక్కను జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

ఛాయాచిత్రములను కొలతకు నమ్మరాదు. కెమెరాకు దగ్గరనున్న రెక్క పెద్దదిగను, దూరపు రెక్క చిన్నదిగను పడును. కిటికీల వరుస, తలుపుల అంచులు, రంగులు తెలిసికొనుటకు ఫోటో, కొలతకు పటము. పటములోనైనను గీతకు మందమున్నది. 72వ వంతు పటములో అర మిల్లీమీటరు గీత విమానముమీద 36 మిల్లీమీటర్లను కప్పును. కావున ఎల్లప్పుడు గీత నడుమనుండియే కొలవవలెను.

బ్లెండరు వంటి సాఫ్ట్‌వేరు నేడు ఉచితముగా లభించుచున్నది. దానిలో విమానమును నిండు పరిమాణముననే నిర్మింపవచ్చును. కాని పునాదిలోని తప్పు గోడలన్నిటికిని ప్రాకినట్లు, మొదటి పటములోని లోపము ప్రతి తలుపునకును, ప్రతి కిటికీకిని సంక్రమించును. నెలదినముల శ్రమ వ్యర్థము కాకుండుటకు మొదటి గంట కొలతకు వెచ్చింపవలెను.

యువకులారా! అచ్చులో నున్నంతమాత్రమున ఏ పటమును నమ్మకుడు. ఒక కొలతతో తృప్తిపడకుడు. ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా మనకు చదువు నేర్పినది. చదివినదానిని కొలిచి చూచుకొను అలవాటును కూడ మీరు ఇక్కడనే అలవరచుకొందురుగాక!