దీపం సరే, పానా ఎవరి చేతిలో?

(వ్యవసాయ కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడి పంతుళ్ళం. మా ఇళ్ళల్లో మొట్టమొదట డిగ్రీ చదివినవాళ్ళం. మాలో చాలామందిమి కందిలి వెలుగులో చదివాం. ఊళ్ళోకి కరెంటు వచ్చింది గానీ ఊరి చివరి స్తంభం దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణుంచి వాడకు రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. పొద్దున లేచి ముక్కు చీదితే గ్యాసునూనె మసి నల్లగా వచ్చేది. ఆ మసి మీకూ గుర్తుండే ఉంటది. కాబట్టి వెలుగు గురించి మాట్లాడే హక్కు మనకు ఇంకొకరు ఇవ్వనక్కర్లేదు.

ఇవ్వాళ మేము చెప్పబోయేది ఎండతో కరెంటు తీసే ఒక స్వచ్ఛంద సంస్థ గురించి, దాని వెనకున్న మనుషుల గురించి. స్వచ్ఛంద సంస్థ అనగానే మనలో కొందరు మొహం చిట్లిస్తారు. తప్పు లేదు. జీపులో దిగి, వాడను ఫోటో తీసుకుని, రిపోర్టు రాసుకుని పోయినవాళ్ళను మనం చూశాం. అయినా పూర్తిగా వినండి. విన్నాక తిట్టాల్సింది ఉంటే తిడదాం, నేర్చుకోవాల్సింది ఉంటే నేర్చుకుందాం.

అసలు ఈ ముచ్చట మనకెందుకు? బొగ్గు, డీజిల్ కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తది. అది ఆకాశంలో దుప్పటి లాగా పేరుకుని భూమి వేడిని బయటికి పోనివ్వదు. ఆ దుప్పటి నేసింది బుడ్డి దీపం పెట్టుకున్న మనం కాదు. కానీ దాని కింద ఉడికేది మాత్రం మనమే. 2015 ఎండాకాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి 2 వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, ఎండలో పనిచేసే కూలీలు. చల్లటి గదుల్లో ఉన్నవాళ్ళకు వాతావరణం ఒక చర్చ. రేకుల ఇంట్లో ఉన్నవాళ్ళకు అది చావు బతుకుల సమస్య.

ఇక అసలు సంగతికి వద్దాం. రాజస్థాన్‌లో అజ్మీర్ జిల్లాలో తిలోనియా అని ఒక ఊరుంది. కరువు నేల. 1972లో సంజిత్ రాయ్ అనే ఆయన అక్కడ ఒక సంస్థ పెట్టారు. బంకర్ రాయ్ అంటే ఎక్కువమందికి తెలుస్తది. డూన్ స్కూల్లో, ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో చదివిన పెద్దింటి మనిషి. మొదట మంచినీళ్ళ పని మొదలుపెట్టారు. పగలంతా మేకలు కాసే పిల్లలకు రాత్రి బడులు పెట్టారు. 1980ల చివరికల్లా ఎండ కరెంటు పని అందుకున్నారు. ఆ సంస్థకు బేర్‌ఫుట్ కాలేజీ అని పేరొచ్చింది. అంటే చెప్పుల్లేని కాళ్ళ కాలేజీ. ఊళ్ళో పెద్దల ఇళ్ళ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన మన తాతలు ఆ పేరు వింటే ఏమనేవాళ్ళో!

అక్కడ సోలార్ ఇంజనీర్లు ఎవరో తెలుసా? పల్లెటూరి ఆడవాళ్ళు. చాలామంది బడి మొహం చూడనివాళ్ళు. అమ్మమ్మలు, నానమ్మలు కూడా ఉన్నారు. వయసు మళ్ళిన ఆడవాళ్ళనే ఎందుకు తీసుకుంటారంటే, కుర్రాడికి నేర్పితే సర్టిఫికెట్ చేతబట్టుకుని పట్నం పోతాడు, ఊళ్ళో దీపం ఆరిపోతది. అమ్మమ్మ అయితే ఊళ్ళోనే ఉంటది. అందుకే అక్కడ సర్టిఫికెట్ ఇవ్వరు. ఆఫ్రికా దేశాల నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చి ఆరు నెలలుండి నేర్చుకుని పోయారు. 2008 నుంచి అట్లాంటివాళ్ళ దారి ఖర్చులు, శిక్షణ ఖర్చులు మన కేంద్ర ప్రభుత్వమే పెట్టుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు. రంగులు గుర్తు పెట్టుకుని, సైగలు చూసి, చేత్తో చేసి నేర్చుకున్నారు.

ఆ పనిలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. పలక మీద ఎండ పడితే కరెంటు పుడతది. అది బేటరీలో నిలవ ఉంటది. మధ్యలో ఒక చిన్న పెట్టె ఉంటది, చార్జ్ కంట్రోలర్ అంటారు. బేటరీ మితిమీరి నిండకుండా, పూర్తిగా వట్టిపోకుండా అది కాపలా కాస్తది. పలక మీద దుమ్ము తుడవాలి. నీళ్ళ బేటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఫ్యూజు పోతే మార్చాలి, ఊడిన తీగను టంకం పెట్టి అతికించాలి. నాట్లేసే చేతికి, చెప్పు కుట్టే చేతికి, మగ్గం నేసే చేతికి ఇది రాని విద్యా?

మా వాడ సంగతి చెప్తాం. కొన్నేళ్ళ కింద సోలార్ వీధి దీపాలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు, ఫోటో దిగారు. రెండో ఏడు బేటరీలు పోయినయ్. పెట్టినవాళ్ళు మళ్ళీ కనపడలేదు. ఆఫీసుకు పోతే పైన అడగమన్నారు, పైన అడిగితే కింద అడగమన్నారు. స్తంభాలు మాత్రం నిలబడే ఉన్నయ్, గేదెలు కట్టేసుకోవడానికి. తప్పు ఎండదా? పలకదా? మన వాడలో ఒక్క మనిషికి కూడా పానా ఇవ్వలేదు, పని నేర్పలేదు. అదీ తప్పు.

తిలోనియా పద్ధతిలో ముందు ఊళ్ళో ఒక కమిటీ కూర్చుంటది. గ్యాసునూనెకు, కొవ్వొత్తులకు, టార్చి బేటరీలకు ఇల్లిల్లూ నెలకు ఎంత పెడుతున్నదో లెక్క తీస్తారు. సుమారుగా అంత సొమ్ము నెలనెలా కడతారు. అందులోంచే రిపేరు చేసే ఆమెకు జీతం పోతది. అంటే ఆమె సేవ చేయడం లేదు, ఉద్యోగం చేస్తున్నది. ఈ తేడా మనం గట్టిగా పట్టుకోవాలి. మన చేత తరతరాలుగా చేయించుకున్న పనికి సేవ అనే పేరే పెట్టారు గదా!

ఇప్పుడు ఇంకొక మనిషి గురించి. ఆ ప్రాంతంలోనే హర్మారా అనే ఊరుంది. అక్కడి దళిత స్త్రీ నౌర్తీబాయి. 1981లో కరువు పనుల కింద రోడ్డు వేస్తున్నారు. పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళు. కనీస కూలి రోజుకు 7 రూపాయలు ఉంటే, కొలతల లెక్క చెప్పి తక్కువ చేతిలో పెట్టారు. ఆమె, తోటి ఆడవాళ్ళు ఎదురు తిరిగారు. సంజిత్ రాయ్ పేరు మీద కేసు సుప్రీంకోర్టుకు పోయింది. కరువు పనులకు కనీస కూలి చట్టం వర్తించదని రాజస్థాన్‌లో 1964 నుంచి ఒక చట్టమే ఉంది. 1983 జనవరిలో తీర్పు వచ్చింది. కరువు పని అయినా సరే, చేయించుకున్నది పనే, కనీస కూలికి తగ్గించి ఇవ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. అట్లా తగ్గించి ఇవ్వడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికి వస్తదని జస్టిస్ భగవతి రాశారు. బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగంలోని ఆ అధికరణాన్ని పలుగు పార పట్టిన ఆడవాళ్ళు బతికించారు.

ఆ నౌర్తీబాయే పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నారు, తిలోనియాలో కంప్యూటర్ నేర్చుకున్నారు, ఇతరులకు నేర్పారు. 2010లో హర్మారా సర్పంచ్ అయ్యారు. తర్వాత ఏమైంది? 2014 డిసెంబరులో రాజస్థాన్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సర్పంచ్‌గా నిలబడాలంటే 8వ తరగతి పాసై ఉండాలంది. కంప్యూటర్ నేర్పిన మనిషి పోటీకి పనికిరాకుండా పోయింది! ఆ నిబంధన 2019లోనే పోయింది. చదువు మనకు అందకుండా చేసిందీ వాళ్ళే, చదువు లేదని కుర్చీ దగ్గర అడ్డం నిలబడ్డదీ వాళ్ళే.

ఇక్కడ మా పంతుళ్ళ మాట ఒకటి ఉంది. చదువు లేకపోయినా ఇంజనీర్లు కావచ్చు గదా, మీ పిల్లలకు బడి ఎందుకు అని రేపు ఎవరైనా అనొచ్చు. అననివ్వకండి. చదువు లేనివాళ్ళకు బుద్ధి లేదన్నది అబద్ధమని తిలోనియా రుజువు చేసింది, అంతవరకే. అమ్మమ్మ చేతికి పానా కావాలి, మనవరాలి చేతికి ఇంజనీరింగ్ డిగ్రీ కావాలి. ఒకటి చూపించి రెండోది లాక్కుంటే ఒప్పుకునేది లేదు.

ఇంకొకటి. 2010లో అమెరికాలోని టైమ్ పత్రిక ప్రపంచంలో పలుకుబడి గల వందమందిలో బంకర్ రాయ్ పేరు వేసింది. ఆయన చేసిన పనిని మేము తక్కువ చేయడం లేదు. కానీ టంకం పెట్టిన ఆడవాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు? ఫోటో కింద వాళ్ళంతా కలిపి ‘మహిళలు’ అని ఒకే ఒక మాట. మన పనికి మన పేరు ఉండాలనడం అహంకారం కాదు.

ఎండ కరెంటు ఇప్పుడు మన నేలకూ వచ్చింది. అనంతపురం వైపు నంబులపూలకుంటలో వేల ఎకరాల్లో సోలార్ పార్కు లేచింది. అందులోకి పోయిన వాటిలో అసైన్డ్ భూములూ ఉన్నాయి. కరెంటు పొగ లేనిదే కావచ్చు. భూమి పోయినవాడి పొయ్యిలో కూడా పొగ లేకుండా పోతే అది ఏం న్యాయం?

అందుకే రేపు మన వాడకు సోలార్ అంటూ ఎవరొచ్చినా, సర్కారైనా, కంపెనీ అయినా, స్వచ్ఛంద సంస్థ అయినా, దండ వేసే ముందు అడగండి. మా ఆడవాళ్ళల్లో ఎంతమందికి పని నేర్పుతారు? వాళ్ళకు జీతం ఎంత, ఎవరిస్తారు? బేటరీ పోతే డబ్బు ఏ ఖాతాలో ఉంది, సంతకం ఎవరిది? భూమి ఎవరిది, కౌలు ఎవరికి? ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోండి. చదవడం రాకపోతే మమ్మల్ని పిలవండి, అర్ధరాత్రయినా వస్తాం, చదివి పెడతాం. మేము చదువుకున్నది అందుకే.

జై భీమ్!