ఏడు దినముల గడువు



నిన్నటి ప్రసంగము ముగిసిన పిదప ఒక తల్లి మా వద్దకు వచ్చి ఇట్లు అడిగినది: "స్వామీ, అబ్బాయి ఉద్యోగము నిలుచునో లేదో తెలియదు. అమ్మాయికి సంబంధము కుదరలేదు. మా వారికి ఒంట్లో బాగుండుట లేదు. రాత్రులు నిద్ర పట్టదు. భాగవతము వింటే ఇవన్నీ తీరుతాయా?" తీరుతాయని చెప్పి పంపుట తేలిక. ఆ మాట మా నోట రాలేదు. నేడు పరీక్షిన్మహారాజు చరిత్ర చెప్పుకొనవలసియున్నది కనుక, ఆ తల్లి ప్రశ్నను ఆయన ఎదుటనే ఉంచుదము.

రాజు వేటలో అలసి, దప్పికగొని శమీక మహర్షి ఆశ్రమమునకు వచ్చినాడు. ముని సమాధిలో ఉండి పలుకలేదు. రాజు కోపించి, చచ్చిన పామును వింటి కొనతో ఎత్తి ఆయన మెడలో వేసి పోయినాడు. ముని కుమారుడు శృంగి, ఏడవ దినమున తక్షకుడు కరచునని శపించినాడు. ఇంతవరకు అందరెరిగినదే.

ఇక్కడి నుండి భారతము ఒక తీరున, భాగవతము మరియొక తీరున నడచును. భారతములో రాజు మంత్రులతో ఆలోచించి ఒంటి స్తంభము మేడ కట్టించుకొన్నాడు. వైద్యులను, ఔషధములను, మంత్రవేత్తలను చుట్టును నిలిపినాడు. ఏర్పాటులో లోపము లేదు. విషము దింపగల కాశ్యపుడు వచ్చుచుండగా, తక్షకుడు దారిలోనే ధనమిచ్చి మరల్చినాడు. తాపసుల వేషమున నాగులు తెచ్చిన పండ్లలో, ఒక పండులో చిన్న పురుగు కనబడినది. ప్రొద్దు క్రుంకుచుండగా, ఇక భయము లేదనుకొని రాజు నవ్వుచు ఆ పురుగును మెడపై ఉంచుకొన్నాడు. అదియే తక్షకుడు!

భాగవతములో మేడ లేదు. రాజ్యభారమును కుమారునిపై ఉంచి, గంగ ఒడ్డున దర్భలపై ఉత్తరముఖముగా కూర్చున్నాడు. శాపవార్త చెవిని పడక మునుపే, ఇంటికి వచ్చిన వెంటనే, తాను చేసినది తప్పని ఆయన కుమిలిపోయినాడు. ఈ చిన్న విషయమును మనము త్వరత్వరగా దాటిపోవుదుము. శిక్ష తెలిసిన పిదప ఏడ్చువారు లోకమున కొల్లలు. శిక్ష తెలియక మునుపే తన తప్పును తాను చూచుకొన్నవాడు కనుకనే, శాపము వినినప్పుడు బెదరలేదు. శుకుడు రాగానే, పామును తప్పించుకొను ఉపాయము అడుగలేదు. మరణము సమీపించినవాడు చేయవలసినదేమి అని అడిగినాడు.

అట్లని మేడ కట్టరాదని మేము చెప్పుట లేదు. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనలో వేలమంది ప్రాణములు పోయినవి. ఆ పిదప తీరమున తుపాను ఆశ్రయభవనములు లేచినవి. 1990 మే నెల తుపాను నాటికి ముందుగానే లక్షలమందిని తరలించినందున ప్రాణనష్టము ఎంతో తగ్గినది. బిడ్డ చదువుకు, వైద్యమునకు నాలుగు రూకలు దాచుకొనుట ధర్మమే. అయితే అలనుండి కాపాడు భవనము, తెల్లవార్లు కలతపడు మనస్సును కాపాడదు.

"ఉద్యోగవిరమణ కానిండు, అప్పుడు భాగవతము పట్టుకొందుము" అనువారిని మేము ఎందరినో చూచినాము. పరీక్షిత్తునకు ఏడు దినములే చాలినవి గదా అని వారి ధైర్యము. ఆయన బాల్యమున బొమ్మలతో ఆడుకొనునప్పుడు కూడ కృష్ణపూజయే ఆడుకొన్నాడని భాగవతమే చెప్పుచున్నది. ఏడు దినముల శ్రవణము వెనుక ఒక జీవితము ఉన్నది. మా సంగతియే చెప్పుకొందుము. కొన్నేండ్ల క్రిందట తీవ్రజ్వరముతో మంచము పట్టినప్పుడు, వేదికలపై ఇంతకాలము చెప్పిన మాటలలో ఒక్కటియు మాకు తోడు రాలేదు. చిన్ననాడు మా అమ్మ వంట చేయుచు అనుకొనుచుండిన గోవిందనామము మాత్రము వచ్చినది.

కావున అమ్మా, అబ్బాయి ఉద్యోగము గురించి మేము మాట ఇయ్యలేము. పండ్రెండు స్కంధములు ఒక్కసారి తలకెత్తుకొనవద్దు. రాత్రి దీపము ఆర్పుటకు ముందు, ఆ దినమున ఎవరిని నొప్పించితిమో ఒకసారి తలచుకొనుడు. కుదిరినచో తెల్లవారిన వెంటనే వారితో ఒక మంచి మాట ఆడుడు. ఆపై ఒక్క అధ్యాయము, అది కుదరనినాడు పది నామములు. ఖట్వాంగుడు తనకు మిగిలినది ఒక్క ముహూర్తమేనని, అనగా నలుబదియెనిమిది నిమిషములేనని తెలిసియు, దానితోనే పని చక్కబెట్టుకొన్నాడు. శుకుడు ఆ కథ చెప్పియే రాజునకు, నీకింకను ఏడు దినములున్నవని ధైర్యము చెప్పినాడు.

ఆ తల్లి నేడును వచ్చి ముందు వరుసలో కూర్చున్నది. నిద్ర పట్టినదా అని మేమింకను అడుగలేదు. రేపు ఇదే వేళకు ద్వితీయస్కంధము ప్రారంభింతుము.